ఈనిన నాటి నుంచి మళ్ళీ చూడి కట్టేదాకా: ఆవులు, గేదెల్లో గర్భాశయ ఇన్‌ఫెక్షన్లను పట్టుకునే క్రమం

ఈనిన పశువు గర్భసంచిలో సూక్ష్మజీవులు ఉండడం జబ్బు కాదు. దూడ వచ్చిన దారి ఇంకా తెరుచుకునే ఉంటుంది, మానం చుట్టూ పేడ ఉంటుంది, కింద కొట్టం నేల ఉంటుంది. అందువల్ల ఈనిన మొదటి రెండు వారాల్లో పరీక్షిస్తే నూటికి ఎనభై, తొంభై ఆవుల గర్భాశయాల్లో ఏదో ఒక బాక్టీరియా కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం ఏ మందూ లేకుండానే ఆ క్రిములను వదిలించుకుని సకాలంలో ఎదకు వస్తాయి. వదిలించుకోలేనివే చీము కారుస్తూ, మూడు నాలుగు సూదులు (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి కట్టక తిరిగి పొర్లుతూ, అంటే మళ్ళీ ఎదకు వస్తూ, చివరికి సంతకు చేరతాయి. ఏ పశువు ఏ దారిన పోతున్నదో తెలుసుకోవడానికి రైతు చేతిలో ఉన్న ఆధారాలు మూడు: ఈనిన తేదీ, కారుతున్న ద్రవం రంగు, దాని వాసన. ఎర్రగోధుమ రంగు మైల పదో రోజున సహజం, ముప్పయ్యో రోజున రోగం. అందుకే ఈ మార్గదర్శిని మందుల వరుసలో కాకుండా రోజుల వరుసలో రాస్తున్నాను. మందు పేరు, మోతాదు నిర్ణయించవలసింది పశువైద్యుడే. ఆయన వచ్చేలోపు చూడవలసినవి, చేయవలసినవి, ముఖ్యంగా చేయకూడనివి ఇక్కడ చెబుతాను.

ముందుగా, లోపలికి వచ్చేవి ఎవరో తెలుసుకోండి

ఈ క్రిములను రెండు గుంపులుగా చూడడం మేలు. మొదటి గుంపు నేల మీదివి, పేడలోవి, పశువు ఒంటి మీదివి. ఈనిన మొదటి వారంలో ముందుగా చేరేది ఎక్కువగా ఈ.కోలి. అది గర్భాశయపు లోపొరను వాపెక్కించి, మిగిలినవాటికి దారి తీస్తుంది. దాని వెనుక ట్రూపెరెల్లా పయోజెనిస్ వస్తుంది. పాత తరం పశువైద్యులకు ఇది కొరినీబాక్టీరియం పయోజెనిస్ అన్న పేరుతో పరిచయం. ఇది విడుదల చేసే పయోలైసిన్ అనే విషం కణాల పొరకు చిల్లులు పెడుతుంది. కాన్పులో లోపొర పైవరుస చిరిగి కింది కణాలు బయటపడి ఉంటాయి కాబట్టి దెబ్బ వాటికే గట్టిగా తగులుతుంది. తరువాత గాలి అవసరం లేని ఫ్యూసోబాక్టీరియం, ప్రివొటెల్లా వంటివి తోడవుతాయి. ఒకటి కంచె పీకితే మరొకటి చేలో పడినట్టు ఇవన్నీ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. ముక్కు మూసుకునేంత దుర్వాసన వచ్చేది ఈ కలయికలోనే.

రెండవ గుంపు ఊరికే నేల మీద నుంచి వచ్చేది కాదు. కొన్న పశువుతోనో, దాటించిన దున్నపోతుతోనో, ఎలుకల మూత్రం కలిసిన నీటితోనో మీ కొట్టంలోకి వస్తుంది. బ్రూసెల్లా, కాంపైలోబాక్టర్, ట్రైకోమోనాస్ అనే ఏకకణజీవి, లెప్టోస్పైరా, ఐ.బి.ఆర్. అనే శ్వాసకోశ, గర్భకోశ వ్యాధిని కలిగించే హెర్పిస్ వైరస్ ఇందులోవి. మొదటి గుంపును శుభ్రతతోను, పశువు సత్తువతోను ఎదుర్కోవాలి. రెండవ గుంపును గడప దాటి రానివ్వకుండా ఆపాలి.

ఆవు యోని లోపలి తేమ స్త్రీలలో మాదిరిగా ఆమ్లగుణంతో ఉండదు, దాదాపు తటస్థంగా ఉంటుంది. క్రిములను అణచివేసే లాక్టోబాసిల్లస్ కూడా అక్కడ తక్కువ. అందుచేత పశువుకు అసలైన తాళాలు మానం పెదవులు, గర్భాశయ ముఖద్వారం మాత్రమే. కాన్పులో ఆ రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి.

మొదటి అడుగు: ఈనడానికి రెండు నెలల ముందు

ఈనిన తరువాత గర్భసంచిని శుభ్రం చేసేవి తెల్లరక్తకణాలు, సంచి కండరాల బిగింపు. ఈ రెండింటికీ కావలసిన బలం చూడి చివరి నెలల్లో కూడుతుంది. ఆవుకు చూడి కాలం సుమారు 280 రోజులు, గేదెకు సుమారు 310 రోజులు; సూది వేయించిన తేదీ రాసి ఉంటే ఈనే తేదీ లెక్క వేసి, దానికి 60 రోజుల ముందు పాలు ఎండబెట్టాలి. వట్టి వరిగడ్డితో నెట్టుకొచ్చిన పశువులో విటమిన్ ఇ, సెలీనియం లోపించి మాయ సరిగా ఊడకపోవచ్చు. కాబట్టి పచ్చిమేతతో పాటు ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు. కాల్షియం పడిపోతే పాలజ్వరం రాకపోయినా సంచి కండరం మందగిస్తుంది. అలాగని దాణా గుమ్మరించి పశువును కొవ్వెక్కించడమూ తప్పే: అటువంటిది ఈనగానే మేత తగ్గించి, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ, క్రిములతో పోరాడవలసిన సమయానికే నీరసపడుతుంది.

రెండవ అడుగు: ఈనే చోటు, ఈనే పూట

మిగతా పశువుల మధ్య, పేడనీళ్ళు నిలిచిన చోట ఈననివ్వకండి. కొట్టంలో ఒక మూల ఎండిన నేల, సున్నం చల్లి ఆరిన తరువాత పరిచిన కొత్త వరిగడ్డి చాలు. పొదుగు దింపుకుని, తోక మొదట రెండు వైపులా గుంటలు పడగానే వెనుక భాగాన్ని, తోకను సబ్బునీళ్ళతో కడగండి.

నీటిబుడగ పగిలాక ఈతలు ఈనిన పశువైతే గంట, తొలిచూలుదైతే రెండు గంటలు చూసి, దూడ ముందుకు రాకపోతే వైద్యునికి కబురు చేయండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఈలోగా ఊళ్ళో చేయి తిరిగిన పెద్దమనిషిని పిలిచి లోపల చేయి పెట్టించడం అలవాటుగా జరిగేదే. ఆ చేతికి ఏముందో ఆలోచించండి: పేడ ఎత్తిన గోళ్ళు, వంటింట్లోంచి తెచ్చిన నూనె. దూడ దక్కవచ్చు గానీ తరువాతి ఈత అక్కడే పోతుంది. తప్పనిసరైతే గోళ్ళు కత్తిరించి, మోచేతి పైదాకా సబ్బుతో రుద్ది, భుజం వరకు వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకోవాలి. దూడ కాళ్ళకు కట్టే తాడు నీళ్ళలో మరిగించినదై ఉండాలి. పశువు ముక్కినప్పుడే లాగాలి, అది ఆగినప్పుడు ఆగాలి. బలవంతంగా లాగిన ప్రతిసారీ దారి చిరుగుతుంది, చిరిగిన చోటే క్రిమి కుదురుకుంటుంది.

మూడవ అడుగు: మాయ

ఈ ఒక్క విషయంలో జరిగే తప్పులే ఊళ్ళలో సగం గర్భాశయ రోగాలకు మూలమని నా అభిప్రాయం.

మాయ మామూలుగా ఈనిన 12 గంటల లోపే పడిపోతుంది. ఆ తరువాత కూడా వేలాడుతుంటే అది నిలిచిపోయిన మాయ. ఆవు గర్భసంచి లోపల గుండీల వంటి కండలు సుమారు వంద వరకు ఉంటాయి. మాయ ఒక్కొక్క గుండీకి చొక్కా కాజా మాదిరిగా పట్టుకుని ఉంటుంది. ఈనే రోజులకు ఆ పట్టు కరిగించే పని తెల్లరక్తకణాలది. అంటే మాయ పడకపోవడం లోపల ఆ కణాలు నీరసించాయని చెప్పే గుర్తు కూడా. నిలిచిన మాయ గల పశువుకు గర్భాశయ వాపు ఎక్కువగా రావడానికి కారణం కుళ్ళుతున్న మాయ ఒక్కటే కాదు, ముందునుంచే ఉన్న ఈ నీరసం కూడా.

ఒక వేసవి తెల్లవారుజామున నేను చూసిన గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో సంకరమైన) గేదె ఇంకా కళ్ళ ముందే ఉంది. మాయ మోకాళ్ళ దాకా వేలాడుతోంది, దాని కొసకు పాత రబ్బరు చెప్పు కట్టి ఉంది, గేదె కదిలినప్పుడల్లా అది ఊగి కాళ్ళకు తగులుతోంది. బరువుకు మాయ జారుతుందని ఇంటి పెద్దమ్మ నమ్మకం. నిజానికి ఆ బరువు లోపలి గుండీలను లాగి చింపుతుంది, కొన్నిసార్లు సంచినే తిరగబెట్టి బయటకు తెస్తుంది. చెప్పు విప్పించి, వేలాడే భాగాన్ని మడమకు పైన శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, ఉష్ణోగ్రత చూసి, మేత తింటున్నదని నిర్ధారించుకుని, ఏ మందూ ఇవ్వకుండా వచ్చేశాను. పెద్దమ్మ ముఖంలో అసంతృప్తి కనిపించింది. ఆరో రోజున మాయ తనంతట పడింది.

చేయవలసినది అంతే. చేయి పెట్టి మాయను బలవంతంగా ఊడబెరికితే గుండీలు తెగి రక్తం కారుతుంది, ముక్కలు లోపలే మిగులుతాయి, చేతితో వెళ్ళిన క్రిములు లోతుకు చేరతాయి. వదిలేస్తే అది సాధారణంగా అయిదు నుంచి పది రోజుల్లో కుళ్ళి పడిపోతుంది. వాసన వస్తుంది, వాసన ఒక్కటే యాంటిబయాటిక్‌కు కారణం కాదు. జ్వరం, మేత మానడం, పాలు పడిపోవడం తోడైతే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యం మొదలుపెట్టించాలి. పడిన మాయను కుక్కలకు దొరకనీయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

నాలుగవ అడుగు: మొదటి పది రోజులు థర్మామీటరుతో

ఇంటికో థర్మామీటరు ఉండాలని గట్టిగా చెబుతాను. ఆవు మామూలు ఉష్ణోగ్రత సుమారు 101.5 ఫారెన్‌హీట్, గేదెది కొంచెం తక్కువ. ఈనిన పశువుకు పది రోజుల పాటు ప్రతి ఉదయం, ఎండ ఎక్కకముందే, పురీషనాళం గోడకు తగిలేలా పెట్టి చూడండి. మన మే నెల మధ్యాహ్నాల్లో ఆరోగ్యమైన గేదె కూడా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నపు అంకెను నమ్మి మందు వేయించకండి. ఉదయం పూట 103 దాటితే, దానితో పాటు పలుచని, ఎర్రగోధుమ రంగు నీళ్ళ వంటి ద్రవం దుర్వాసనతో కారుతుంటే, అది ఈనిన తరువాత వచ్చే తీవ్రమైన గర్భాశయ వాపు. ఇది 21 రోజుల లోపు, ఎక్కువగా మొదటి పది రోజుల్లో వస్తుంది, పశువు ప్రాణానికే ముప్పు తెస్తుంది. దీనికి వైద్యుడు ఒళ్ళంతా చేరే యాంటిబయాటిక్ ఇంజెక్షన్లు కొన్ని రోజులు వరుసగా ఇస్తారు, జ్వరం తగ్గించే మందు, అవసరమైతే సెలైన్, కాల్షియం జోడిస్తారు. రెండు ఇంజెక్షన్లకే తేరుకుందని మిగిలినవి మానేయకూడదు.

ఈ దశలో గర్భసంచి కడిగించమని పట్టుపట్టవద్దు. జ్వరంతో ఉన్న పశువు సంచి గోడ నానిన కాగితంలా మెత్తబడి ఉంటుంది. గొట్టం గుచ్చుకోవచ్చు, బక్కెట్ల కొద్దీ నీళ్ళు పోస్తే విషం రక్తంలోకి ఎక్కవచ్చు.

జ్వరం లేకుండా, మేత తింటూ, దుర్వాసన లేని చిక్కటి ఎర్రగోధుమ మైల పడుతుంటే కంగారు అక్కరలేదు. అది రెండు వారాల్లో తగ్గుతూ, పలుచబడి, ఆగిపోతుంది. ఈనిన నాడు సుమారు తొమ్మిది కిలోలుండే సంచి నెల రోజులకు కిలోకు కుదించుకుపోతుంది. ఆ పని జరుగుతున్నదనడానికి ఈ మైలే గుర్తు.

అయిదవ అడుగు: మూడు వారాల నుంచి నెల లోపు పరీక్ష

చాలామంది ఎదకు వచ్చేదాకా ఆగుతారు, అది ఆలస్యం. ఈనిన 25 నుంచి 30 రోజుల మధ్య ఒకసారి పశువైద్యునితో పరీక్ష చేయించండి, ముఖ్యంగా కష్టంగా ఈనిన, కవలలు ఈనిన, చచ్చిన దూడను ఈనిన, మాయ నిలిచిన, పాలజ్వరం వచ్చిన పశువులకు. మూడు వారాలు దాటాక కూడా చీము, లేదా నాలుగు వారాలకు చేరువగా చీము కలిసిన జిగురు కనిపిస్తే అది గర్భాశయపు లోపొర వాపు. దీనికి జ్వరం ఉండదు, మేత మానదు, పాలూ తగ్గకపోవచ్చు. అందుకే రైతు దృష్టికి రాదు. ఉదయం పశువు లేచిన చోట గడ్డి మీద, తోక లోపలి వైపు అంటుకుని ఎండిన పసుపు చారల మీద కన్నేయాలి.

ఎదకు రాని పశువును చూడి కట్టిందని అనుకుని నెలలు గడిపేయడం మరో ప్రమాదం. అండం విడుదలైన చోట అండాశయం మీద ఏర్పడే కార్పస్ లూటియం అనే గడ్డ కరగకుండా నిలిచిపోతే ముఖద్వారం మూసుకుని సంచి నిండా చీము చేరుతుంది. పొట్ట పెరుగుతున్నట్టు, ఎద ఆగినట్టు, అచ్చం చూడి పశువులానే ఉంటుంది. వైద్యుడు చేయి పెట్టి చూసి, లేదా అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించి, ఆ కార్పస్ లూటియం కరిగించే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లో ముఖద్వారం తెరుచుకుని చీమంతా బయటకు పోతుంది. ఇదే ఇంజెక్షన్ నిజంగా చూడి కట్టిన పశువుకు పడితే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. కనుక పరీక్ష లేకుండా మందుల దుకాణంలో కొని వేయించకండి. చర్మం గుండా కూడా పనిచేసే మందు కాబట్టి గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దాన్ని తాకకూడదు.

ఆరవ అడుగు: ఎద తీగను చదవడం

ఆరోగ్యమైన ఆవు 21 రోజులకోసారి ఎదకు వచ్చి, కోడిగుడ్డు తెల్లసొన వంటి స్వచ్ఛమైన తీగ వేస్తుంది. గేదెలో తీగ తక్కువ, వేలాడదు, పడుకున్నప్పుడు కింద పడుతుంది, వేసవిలో మూగ ఎద (పైకి లక్షణాలు కనపడని ఎద) వల్ల అదీ కనిపించదు. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు చూస్తేనే దొరుకుతుంది.

తీగను తొడుగు వేసుకున్న చేతి మీదకు తీసుకుని, నల్లటి పలక మీద గానీ నల్ల పాలిథీన్ ముక్క మీద గానీ పరచి ఎండలో చూడండి. అద్దంలా ఉంటే మంచిది. సన్నని తెల్ల నలుసులు తేలుతుంటే, మబ్బు పట్టినట్టుంటే లోపొర వాపు మొదటి మెట్టులో ఉంది. సగం వరకు చీము ఉంటే రెండవ మెట్టు, అంతకు మించితే మూడవది. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ ఎదలో సూది వేయించకండి. చికిత్స చేయించి, తరువాతి ఎదలో తీగ స్వచ్ఛమైతేనే వేయించండి. ఒక ఎద పోతే 21 రోజుల దాణా నష్టమే. చీములో వీర్యం పోస్తే వీర్యం, దాణా రెండూ పోతాయి.

తీగ స్వచ్ఛంగా ఉన్నా పశువు మూడు సార్లకు మించి పొర్లుతుంటే పైకి కనపడని వాపు ఉండవచ్చు. ఆసుపత్రిలో వైట్ సైడ్ పరీక్ష చేస్తారు: తీగకు సమానంగా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి మరిగించి చల్లారిస్తే, తెల్లరక్తకణాలున్న తీగ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ ద్రావణం ఒళ్ళు కాలుస్తుంది కాబట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు. మొండి కేసుల్లో, ఏ మందూ వేయకముందే, తీగను శుభ్రంగా సేకరింపజేసి ప్రయోగశాలకు పంపితే ఏ క్రిమి ఉందో, ఏ యాంటిబయాటిక్‌కు లొంగుతుందో తేలుతుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల సమీపంలోని రైతులు అక్కడి వైద్యులను సంప్రదించవచ్చు. వరుసగా మూడు రకాల యాంటిబయాటిక్‌లు పోయించి, ఆఖరున పరీక్షకు పంపితే చెప్పడానికి అక్కడ ఏమీ మిగలదు.

ఎద తరువాత రెండు మూడు రోజులకు ఆవుకు కొద్దిగా రక్తపు జీర కనిపిస్తే భయపడవద్దు, అది రోగం కాదు. ఎద అయిపోయిందని మాత్రం అర్థం. ఆ తేదీ రాసుకుని 18వ రోజు నుంచి గమనించండి.

గర్భసంచిలో పెట్టే మందు విషయంలో ఒక హెచ్చరిక. కండకు ఇవ్వడానికి తయారైన ఇంజెక్షన్లను, కొలత లేని అయోడిన్‌ను లోపల పోయడం వల్ల లోపొర మరింత మాడుతుంది. సంచిలో వేసిన మందు కూడా రక్తంలో కలిసి పాలలోకి వస్తుంది. సూది మందుకే పాలు ఆపాలని, లోపల పెట్టిన దానికి అక్కరలేదని అనుకోవడం పొరపాటు. సీసా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి.

ఏడవ అడుగు: సూది వేయించే రోజు

ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం. సూది వేసే గోపాలమిత్ర వచ్చేసరికి పేడ తీయించి, మానాన్ని కడిగి పొడిగా తుడిచి ఉంచండి. తడి మానం నుంచి మురికినీరు గొట్టంతో పాటే లోపలికి పోతుంది. ప్రతి పశువుకూ చేతికి కొత్త తొడుగు, వీర్యం వేసే గొట్టానికి కొత్త షీత్ (ప్లాస్టిక్ తొడుగు) వాడాలి. మానం పెదవులను విడదీసి పట్టుకోవడానికి ఇంట్లో ఒకరు సాయం చేస్తే గొట్టం అంచులకు తగలకుండా వెళ్తుంది.

ఊరి దున్నపోతుతో దాటించడం చవకే. కాంపైలోబాక్టర్, ట్రైకోమోనాస్ ఉన్న పోతు చూడడానికి ఏ లోపమూ లేకుండా ఉంటుంది, క్రిములు దాని శిశ్నపు తొడుగు ముడతల్లో దాగి ఏళ్ళ తరబడి ఉంటాయి. దాటిన పశువు చూడి కట్టి, పిండం తొలి వారాల్లోనే పోయి, 30, 35 రోజులకు మళ్ళీ పొర్లుతుంది. ఒకే పోతుతో దాటించిన పశువులు ఊళ్ళో ఇలా వరుసగా ఎడం తప్పి పొర్లుతుంటే అనుమానించవలసింది పోతునే. పరీక్షించిన ఆబోతుల ఘనీకృత వీర్యంతో ఈ బెడద ఉండదు.

ఎనిమిదవ అడుగు: అయిదు నెలలు దాటి ఈసుకుపోతే

బూజు పట్టిన గడ్డి, లెప్టోస్పైరా, వైరస్‌లు కూడా కారణం కావచ్చు. అయినా, పరీక్షలో కాదని తేలేదాకా ప్రతి ఈసుకుపోయిన పశువునూ బ్రూసెల్లా ఉన్నదానిగానే చూడండి. మాయలోని ఎరిత్రిటాల్ అనే పదార్థం ఈ క్రిమికి ఇష్టమైన ఆహారం. అందుకే మాయ, పిండం, ఆ ద్రవాల్లో అది కోట్ల సంఖ్యలో ఉంటుంది. మరుసటి ఈతలో పశువు మామూలుగా ఈనవచ్చు, కానీ క్రిమిని వెదజల్లుతూనే ఉంటుంది. మందులతో నయం చేయించాలని చూడడం దండగ.

పశువును వెంటనే వేరు చేయండి. తొడుగులు, మాస్కు లేకుండా పిండాన్ని ముట్టుకోవద్దు. వైద్యుడు నమూనాలు తీసుకున్నాక మిగిలినదంతా సున్నంతో లోతుగా పూడ్చి, తడిసిన గడ్డిని కాల్చేయండి. మందలో అన్నింటికీ బ్రూసెల్లాను పట్టుకునే రోజ్ బెంగాల్ రక్తపరీక్ష చేయించండి. కొత్తగా పశువును కొనేటప్పుడు బేరానికి ముందే ఈ పరీక్ష అడగండి; పళ్ళు, పొదుగు చూసి కొనే మనకు ఇంకా ఈ అలవాటు రాలేదు.

నివారణకు టీకా ఉంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యలకు, పడ్డలకు ఒక్కసారి వేస్తారు. మగ దూడలకు, చూడి పశువులకు వేయరు. ఇది సజీవ టీకా. వేసేవారికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు వస్తుంది, కనుక దూడను గట్టిగా పట్టుకోవడం మీ బాధ్యత.

బ్రూసెల్లా కాచని పాల ద్వారా, మాయను ముట్టిన చేతుల ద్వారా మనుషులకు సోకి, వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ళ నొప్పులు తెస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఇటువంటి జ్వరం వారాల తరబడి వదలకపోతే, కొట్టంలో గేదె ఈసుకుపోయిందన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడిగే ప్రశ్నల్లో అది ఉండకపోవచ్చు.